రాత్రి కరెంటు

"ఈ వారం మీకు కరెంటు పగలా, రాత్రా?"

పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం మధ్య తిరిగే బస్సుల్లో ఈ ప్రశ్న వినబడక చాలా కాలమైంది. మొన్న నా ముందు సీట్లో ఇద్దరు రైతులు కూర్చున్నారు. టమోటా రేటు మాట్లాడుకున్నారు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పిల్లోడి షిఫ్టు గురించి మాట్లాడుకున్నారు. ఒక సంబంధం ఎందుకు తప్పిపోయిందో వివరంగా చెప్పుకున్నారు. దిగేదాకా కరెంటు ఊసే రాలేదు. ఒకప్పుడైతే బాగున్నావా అనే ముందే అది వచ్చేది. పెళ్లికి పిలవడానికి పోయినా, చావింటికి పలకరింపుకు పోయినా, "మాకు ఈ వారం రాత్రి పూటప్పా, అందుకే కండ్లు ఇట్లుండాయి" అనే మాట ఎక్కడో ఒకచోట దొర్లేది.

పట్నంలో పెరిగిన పిల్లలకు దీన్ని కొంచెం విడమరిచి చెప్పాలి. వ్యవసాయ లైన్లను గ్రూపులు చేసి, ఒక గ్రూపుకు పగలు, ఇంకో గ్రూపుకు రాత్రి త్రీఫేజు ఇచ్చేవాళ్లు. వారం తిరిగేసరికి వంతు మారేది. మిగతా వేళల్లో సింగిల్ ఫేజే. ఇంట్లో బల్బు వెలుగుతుంది గానీ బోరు మీద మోటరు తిరగదు. ఇన్ని గంటలని కాగితం మీద ఉండేది. మధ్యలో తెగి, మళ్లీ వచ్చి, మళ్లీ తెగి, చివరికి పొలానికి చేరేది ఎంతో లైన్‌మన్‌కి కూడా తెలిసేది కాదు. ఆ లైన్‌మన్ సైకిలు ఊళ్లోకి వచ్చిందంటే టీ అంగడి దగ్గర నలుగురు చుట్టూ చేరేవాళ్లు. పంచాంగం అయ్యవారికి కూడా అంత గిరాకీ ఉండేది కాదు.

మా చిన్నాయన వాళ్ల తోటకాడి మిద్దె ఊరికి మైలు దూరం. రాతి గోడలు, మట్టి కప్పు. దూలాల మీద దంతెలు, దంతెల మీద కంప, ఆ పైన జానెడు మందాన చౌడు మన్ను. నడుమ పొగ పోవడానికి గవాచి ఒకటి. ఇంటి ముందు చింతచెట్టు, పక్కన పశువుల కొట్టం, కొంచెం అవతల రాళ్లు కట్టిన పాత బావి, దాని పక్కనే మోటరు కొట్టం. రాత్రి కరెంటు వారం వచ్చిందంటే నాయన, చిన్నాయన అక్కడే పడుకునేవాళ్లు. సెలవుల్లో మేమూ వెంటపడేవాళ్లం. నిద్ర పేరుకే. మోటరు కొట్టం గోడకు బయటివైపు ఫేజుకొకటి చొప్పున మూడు బల్బులు కట్టి ఉండేవి. మూడూ సమానంగా వెలిగితే త్రీఫేజు వచ్చినట్టు. ఒకటి వెలిగి రెండు మినుకుమంటుంటే లాభం లేదు, మళ్లీ పడుకోవచ్చు. మంచాలు ఎప్పుడూ ఆ బల్బులు కనబడే దిక్కుకే వేసేవాళ్లు. రెప్పల మీద వెలుతురు పడగానే చిన్నాయన లేచి, చెప్పులు దులిపి తొడుక్కుని, కంబళి భుజాన వేసుకుని, మూడు సెల్లుల టార్చి పట్టుకుని నడిచేవాడు. చెప్పులు దులపడం మరిచిపోయేవాడు కాదు. తేలు భయం.

స్టార్టరంటే గోడకు బిగించిన ఇనప పెట్టె. పచ్చ బొత్తాం నొక్కితే లోపల టక్కుమని ఏదో పడేది. భూమి అడుగున ఎక్కడో గుర్రుమనేది. బోరు గొట్టంలోంచి ముందు గాలి బుస్సుమని తన్నేది, తర్వాత తుప్పు రంగు నీళ్లు రెండు దోసిళ్లు, ఆ తర్వాత కొంచెం సేపటికి తెల్లటి నీళ్లు, చేయి పెడితే గోరువెచ్చగా. చిన్నాయన ఒక పుక్కిలి పట్టి ఉమ్మి, "రాయే, రాయే" అని నీళ్లని పిలిచేవాడు. అప్పుడు మా పని మొదలు. ఒకరు కాలవెంట టార్చి పట్టుకోవాలి, ఒకరు పార పట్టుకుని మడవ తిప్పాలి. రాగి మడి ఒకటి నిండే లోపల గెనిం మీద కూర్చుని కునికితే, నీళ్లు తెగి పక్కోళ్ల చేలోకి పోయేవి. పొద్దున్నే తిట్లు.

ఆ చీకట్లో ఒంటరిగా ఉన్నట్టు మాత్రం అనిపించేది కాదు. ఒకే లైను మీద ఉన్న అన్ని తోటల్లోనూ అదే వేళకు మనుషులు మేలుకునేవాళ్లు. దూరంగా టార్చీలు కదిలేవి, బీడీలు వెలిగేవి. పొరుగు చేనాయన పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టినవాడు. మడికి మడికి నడుమ హరిశ్చంద్ర పద్యం ఎత్తుకుంటే, రాగం తీసే చోట రెండు తోటల అవతలి నుంచి ఇంకొకరు అందుకునేవాళ్లు. మా వైపు నాటకాలకు రిహార్సలు జాగా అంటే ఆ గెనాలే. వేరుశనగ కాయ పట్టే కాలంలో గుట్టల మీంచి ఎలుగులు దిగేవి, అడవిపందులు దిగేవి. వాటిని బెదరగొట్టడానికి డబ్బా వాయించేదీ ఆ వేళలోనే. పాముని మాత్రం ఎవరూ పేరు పెట్టి అనేవాళ్లు కాదు. పురుగు అనేవాళ్లు.

ఇదంతా తలుచుకుని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తడి కాళ్లతో, తడి చేత్తో, చీకట్లో ఫీజు తీగ వేయబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నారు. పురుగు కరిచి తెల్లారేదాకా వైద్యం దొరకనివాళ్లున్నారు. పద్యాల రాత్రులూ అవే, ఆ రాత్రులూ అవే.

తర్వాత ఆటోమేటిక్ స్టార్టరు వచ్చింది. కరెంటు రాగానే తనంతట తనే మోటరు వేసుకునేది. నిద్ర దక్కిందని అందరూ పెట్టుకున్నారు. అందరూ పెట్టుకోవడమే ముప్పయింది. కరెంటు వచ్చిన క్షణాన లైను మీద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారిగా లేవబోతే వోల్టేజి పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్ ఫీజులు ఎగిరిపోయేవి, వైండింగులు కాలేవి. బోర్లో నీళ్లు అడుగంటినా ఆటోకి తెలియదు. గాలి తోడుతూ తిరిగి తిరిగి అదీ కాలేది. ఇంకొందరు సింగిల్ ఫేజు మీదే కండెన్సర్ పెట్టి మోటరు తిప్పేవాళ్లు. అది దొంగతనమని వాళ్లకూ తెలుసు, మోటరు ఆయుష్షు తగ్గుతుందని ఇంకా బాగా తెలుసు. చేను ఎండుతుంటే ఈ రెండు తెలివిడులూ పనికిరావు.

అట్లా కాలిన మోటర్ల మీద హిందూపురంలో ఒక వృత్తే బతికింది. వైండింగ్ షాపులు. మార్కెట్ వీధుల్లో బెల్లం వాసన, చింతపండు వాసన, మిరపకాయ ఘాటు దాటుకుని పోతే, ఒక మలుపులో వార్నిషు వాసన తగిలేది. దానికంటే ముందు ఊళ్లో చేయాల్సిన పని ఒకటుండేది, మోటరు ఎత్తడం. బోరు మీద మూడు కాళ్ల ఇనప స్టాండు నిలబెట్టి, గొలుసు పుల్లీ తగిలించి, ఇరవై అడుగుల గొట్టం ఒక్కొక్కటీ పైకి లాగి, క్లాంపు బిగించి, మర విప్పి పక్కన పడేయాలి. అన్ని గొట్టాల తర్వాత బురద కారుతూ మోటరు బయటపడేది. మనిషంత పొడుగుండే ఆ స్టీలు గొట్టాన్ని గోనెపట్టలో చుట్టి బస్సు టాపు మీద వేసేవాళ్లం. కండక్టరు దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని ఎప్పుడూ వాదనే.

షాపులో నేల మీద గోనెపట్ట పరుచుకుని ఇద్దరు కుర్రాళ్లు కూర్చునేవాళ్లు. పైన తిరిగే మోటర్లయితే కాలిన తీగను ఉలితో కోసి, చుట్లు లెక్కపెట్టి, ఎనామిలు పూసిన రాగితీగ చుట్టి, గాడుల్లో కాగితం పెట్టి, వార్నిషు పోసి ఎండబెట్టేవాళ్లు. బోర్లో మునిగే సబ్‌మర్సిబుల్‌కి ఆ వార్నిషు వరస పనికిరాదు. దాని కడుపు నిండా నీళ్లే ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ పొర ఉన్న తీగ కావాలి. ఆ తీగను గాడిలోంచి సూదితో కుట్టినట్టు ఒక్కో చుట్టూ దూర్చి లాగాలి. ఎక్కడైనా పొర గీచుకుపోయిందా, బోరు అడుగుకి పోయాక మళ్లీ కథ మొదటికి. మేస్త్రీ చుట్టడం ఆపకుండానే అడిగేవాడు: "ఎన్నో తూరప్పా ఈ ఏడు?" మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి షాపు ముందు మోటర్లు వరస కట్టేవి. రైతులు అక్కడే బెంచీల మీద, వంతు వచ్చేదాకా. చేను ఎండుతుంటే ఇంటికి పోయి చేసేదేముంది?

ఆ షాపుల్లో సగం ఇప్పుడు టేబుల్ ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తున్నాయి. ఒకటి ఇన్వర్టర్ల అంగడి అయింది.

రాత్రి కరెంటు కూడా తాతల నాటిది కాదు. నాకు లీలగా గుర్తున్న పాత బావి మీద కపిల ఉండేది. దాని సంగతి తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇక వేళ్ల మీద లెక్కే.

బావి గట్టు మీద రెండు రాతి కంబాలు, నడుమ గిలక, కింద ఒక దొర్లుడు కొయ్య. బావి నుంచి అవతలికి ఏటవాలుగా తవ్విన కపిల దారి. ఎద్దులు ఆ వాలులో కిందికి దిగితే, మోకు లాగి తోలు బాన పైకొచ్చేది. బాన అడుగున తొండం ఉండేది. పైకొచ్చేటప్పుడు ఒక సన్నతాడు దాన్ని మడిచి నిలబెట్టి ఉంచేది. గట్టు చేరగానే ఆ తాడు లాగుడుకు తొండం దొర్లుడు కొయ్య మీంచి జారి తొట్లోకి వాలేది. నూరు, నూటయాభై లీటర్లు ఒక్క దెబ్బన కుమ్మరించేది. తోలేవాడు ఎద్దులు దిగేటప్పుడు మోకు మీద కూర్చుని తన బరువు కలిపేవాడు. మళ్లీ ఎద్దుల్ని వెనక్కి నడిపించుకుంటూ వాలు ఎక్కేవాడు. గిలక కిర్రుమని ఒక పాట పాడేది, తోలేవాడు ఇంకో పాట పాడేవాడు. ఆ పాటలోనే బానల లెక్క ఉండేది. కోడి కూతకు కట్టి, ఎండ ముదిరేసరికి ఎద్దుల్ని విప్పేవాళ్లు. మధ్యాహ్నమూ రాత్రీ బావి ఊరేది. ఎద్దుల అలసటే బావికి తీరిక.

ఆ బాన కుట్టినాయన ఊరి చివరి వాడ నుంచి వచ్చేవాడు. తోలు తెచ్చి, నానబెట్టి, కోసి, కుట్టి, ఆముదం పట్టించి, ఏడాదికోసారి కళ్లంలో గింజలు కొలిపించుకుపోయేవాడు. ఆయన చేతి బానతో తోడిన నీళ్లు చేనంతా పారేవి. ఆయన మాత్రం దాహమైతే దూరంగా నిలబడి దోసిలి పట్టాలి. కపిల పోయిందని రాసేవాళ్లు ఎద్దుల మెడ గంటల దగ్గర ఆగిపోతారు. నాకు ఈ దోసిలి గుర్తొస్తుంది.

కపిల తర్వాత ఆయిల్ ఇంజన్ కొంతకాలం నడిచింది. డబడబడబ అని ఊరంతా వినబడేది, డీజిలు తాగేది, హ్యాండిల్ ఎదురుతిరిగి ఎవరి మణికట్టో ఒకరిది విరిచేది. స్తంభాలు వచ్చాక దాన్ని ఎవరూ తలుచుకోలేదు. 1980లలో ఎన్.టి.రామారావు కాలంలో మోటరుకు హార్స్ పవర్ లెక్కన ఏడాదికి 50 రూపాయల కరెంటు బిల్లు. ఆయన 1985లో హిందూపురం నుంచే గెలిచాడు కాబట్టి మా వైపు దాన్ని సొంత విషయంగా చెప్పుకునేవాళ్లు. 2004లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే బిల్లే పోయి ఉచితమైంది. ఖర్చు లేదు, మీటరు లేదు. ఇక ఆపేదెవరు? బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి. వందల అడుగులు పోయి, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని పాయింటు చూసేవాళ్లు, తమిళనాడు నంబరు బోరుబండ్లు, దుమ్ము, అప్పు. వానే ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే నేల ఇది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మాదేనని బడిలో గర్వమో బాధో తెలియని గొంతుతో చెప్పేవాళ్లు. అంత లోతు నుంచి తోడినదానికి బదులు పోసే మబ్బు ఎక్కడిది?

మిద్దెలోపలి సంగతి వేరే. అక్కడ కరెంటు పెత్తనం ఎప్పుడూ తక్కువే. అవ్వ పొయ్యికి కంది కట్టె, వేరుశనగ పొట్టు, పిడకలు. ఊదుగొట్టం ఊది ఊది ఆమె కళ్లెప్పుడూ ఎర్రగా నీళ్లు కారుతుండేవి. పొగ గవాచిలోంచి పోయేది, పోనిది పైకప్పుకు పట్టేది. దూలాలూ దంతెలూ నల్లగా నిగనిగలాడేవి. గ్యాసు సిలిండరు వచ్చాక అవ్వ కళ్లు తేరుకున్నాయి. కొన్నేళ్లకు దంతెలకు చెదలు పట్టాయి. పొగ తిన్న కొయ్యను పురుగు ముట్టదని అవ్వ ముందే చెప్పింది. మళ్లీ పొగబెట్టమని మాత్రం ఎవరూ అనలేదు, ఆమెతో సహా.

నడుమ ఒక గోబర్ గ్యాసు ముచ్చట ఉంది. ఇనప డ్రమ్ము తేలే రకం. పేడా నీళ్లూ సమానంగా కలిపి పోస్తే డ్రమ్ము మెల్లగా లేచేది. అది ఎంత లేచిందో చూసి ఆ పూట ఏం వండాలో నిర్ణయించేవాళ్లు. డ్రమ్ము తుప్పు పట్టింది, కరువొచ్చి పశువుల్ని అమ్ముకున్నారు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ యాభై కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు కొట్టంలో ఉండాలి. ట్రాక్టరు వచ్చిన ఇంట్లో అన్నెక్కడివి? ఇదే పని పక్కనే బాగేపల్లిలో నిలబడింది. అది కర్ణాటకే గానీ సంతలో వినబడేది తెలుగే. అక్కడి కూలీ సంఘం 5,500 చిన్న ప్లాంట్లు పేదల ఇళ్ల దగ్గర కట్టించే పథకం పెట్టి, 2005లో ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకం కింద నమోదు చేయించింది. ఆదా అయిన పొగకు విదేశాల నుంచి డబ్బులొచ్చే ఏర్పాటు. కదిలే డ్రమ్ము లేదు, భూమిలో ఇటుక గుమ్మటం. తుప్పు పట్టడానికి ఏమీ లేదు. మావాళ్లు పోయి చూసొచ్చి, "వాళ్లకు ఆవులుండాయప్పా" అన్నారు.

చిన్నాయన మిద్దెకు ఎండ కరెంటు పెట్టాలనే మాట తెచ్చింది ఆయన కొడుకు, మా తమ్ముడు. బెంగుళూరులో ఉద్యోగం, వారానికోసారి రాక. చిన్నాయన మొదట ఒప్పుకోలేదు. సౌర పలకలంటే ఆయనకు నంబులపూలకుంట గుర్తొస్తుంది. కదిరి అవతల 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లతో మొదలుపెట్టిన ఆ సోలార్ పార్కు చూసొచ్చినప్పటి నుంచి "కంచె వేసి ఆకాశం అమ్ముకుంటాండారు" అనేవాడు. గొర్రెలు తోలుకునేవాళ్లు చుట్టు తిరిగి పోవడం ఆయన కంట్లో పడింది. గాలిమరల మీద అంత కోపం లేదు. 1990లలో రామగిరి గుట్టల మీద తొలి మరలు లేచినప్పుడు ధర్మవరం పోతూ బస్సులోంచి పిల్లలకు చూపించినవాడే. ఆషాఢం గాలి మాకు శాపం. పడమటి కొండలు దాటేసరికి మబ్బులో చుక్క మిగలదు, గాలి మాత్రం పైకప్పులు లేపుతుంది. ఆ గాలితో పనికొచ్చేది ఒక్క తూర్పారబట్టడమే. "దాన్ని పట్టి పని చేపిచ్చినారు, మంచిదే" అని ఆయన తీర్పు.

ఆయన మనసు మారింది చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు చూశాక. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, స్నేహితులు కలిసి బీడుపడ్డ 32 ఎకరాల్లో మొదలుపెట్టిన జాగా. ఇప్పుడది అడవి. అక్కడి ఇళ్లకు సూర్యుడి కరెంటే. బంధువులాయన విత్తనాల పనిమీద పోతూ చిన్నాయనను తోడు తీసుకుపోయాడు. ఆయన చెట్లు చూడలేదు, పక్షులు చూడలేదు. బ్యాటరీలు పెట్టిన గది చూసి, డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారు, ఎన్నాళ్లకు పోస్తారు, మర్చిపోతే ఏమవుతుంది అని అడిగి వచ్చాడు.

పని మొదలయ్యాక మొదటి చిక్కు మిద్దె మీదే. మట్టి కప్పుకు బోల్టు దిగదు. దిగినా వాన నీళ్లు ఆ రంధ్రం వెతుక్కుంటూ వస్తాయి. పలకల బరువు దూలాలు మోస్తాయేమో గానీ ఆషాఢం గాలి పలకల కింద దూరి లేపితే చౌడు మన్ను పట్టి ఆపదు. అందుకని కూలిపోతున్న పశువుల కొట్టం స్థానంలో ఇనప కంబాలు నాటి, వాటి మీద మూడు కిలోవాట్ల పలకలు పరిచారు. ఇప్పుడు రెండు ఆవులూ వాటి నీడన ఉన్నాయి. మాది 14 డిగ్రీల అక్షాంశం కాబట్టి పలకలు దక్షిణానికి ఇంచుమించు అంతే వాలుతో నిలబడ్డాయి. కపిల దారంత వాలు కూడా లేదని చిన్నాయన అన్నాడు. 2024లో మొదలైన కేంద్ర పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ. చేతికి రావడానికి ఎన్ని సంతకాలు, ఎన్ని ఫొటోలు పట్టాయో తమ్ముడు చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది.

ఎర్తు గుంతలు తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. మూడు గుంతలు. పలకలకొకటి, ఇంటి లైనుకొకటి, పిడుగు తీగకొకటి. అడుగున ఉప్పు, బొగ్గు పొరలు పరుస్తుంటే మా చిన్నమ్మ, "ఊరగాయ పెడతాండారా?" అంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు నవ్వలేదు. ఈ ఎర్రనేల ఎండాకాలంలో తడి లేక కరెంటును లోపలికి తీసుకోదని, వారానికో బిందె పోయమని చెప్పి పోయాడు. తాగడానికి బిందె లెక్కపెట్టుకునే చోట భూమికి బిందె.

రెండో వారమే ఒక వింత. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ, లైను కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చిన్నాయన బయటికొచ్చి పలకల వంక చూశాడు, సూర్యుడి వంక చూశాడు, ఫోన్ తీసి బెంగుళూరుకు కలిపాడు. నెట్ మీటరు పెట్టి లైనుకు కలిపిన పలకలు, లైను చచ్చిపోతే తామూ ఆగిపోతాయి. స్తంభం మీద ఎవరైనా పని చేస్తుంటే మన కరెంటు పోయి వాళ్లకు తగలకుండా ఆ ఏర్పాటు. లైన్‌మన్ ప్రాణం మాట వినగానే ఆయన ఇంకేమీ అనలేదు. రాత్రి కరెంటు రోజుల్లో ఆయన చూసినవాటితో పోలిస్తే ఫ్యాను లేకపోవడం ఎంత? టింబక్టులో బ్యాటరీల గది ఎందుకు ఉందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇంట్లో చిన్న బ్యాటరీ ఒకటి వచ్చింది. డిస్టిల్డ్ వాటర్ పని చిన్నమ్మది.

పొలం బోరు వేరే లెక్క. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలింది రైతు. అయిదు హార్స్ పవర్ మోటరుకు దగ్గరదగ్గర అయిదు కిలోవాట్ల పలకలు. పొద్దున ఏడున్నరకు మెల్లగా, ధార సన్నగా మొదలై, పదింటికి నిండుగా, మూడు దాటాక మళ్లీ సన్నబడుతుంది. టక్కుమనే శబ్దం లేదు, బోరులో నీళ్లు అడుగంటితే పెట్టె తనే ఆపేస్తుంది. మోటరు కాలడం అరుదైపోయింది. నిజం చెప్పాలంటే రాత్రి కరెంటును చంపింది ఒక్క ఎండే కాదు. వ్యవసాయానికి తొమ్మిది గంటలు పగటిపూటే ఇవ్వాలనే ప్రభుత్వ విధానం వచ్చి, లైన్లు వేరుచేశాక, పలకలు లేనివాళ్లు కూడా రాత్రి పడుకుంటున్నారు.

మరి నీళ్ల సంగతి? ఇక్కడ నాకూ తమ్ముడికీ పడదు. ఎండకు బిల్లు రాదు కాబట్టి రోజంతా తోడుతూనే ఉంటారని నా భయం. ఆపే ఎద్దుల అలసట లేదు, డీజిలు ఖర్చు లేదు, చివరికి కరెంటు కోత కూడా లేదు. తమ్ముడు అంటాడు: సాయంత్రం అయిదుకు సూర్యుడే విప్పేస్తాడు కదా, రాత్రంతా బోరు ఊరుతుంది, ఆటో పెట్టి తెల్లార్లూ పీల్చిన రోజులకంటే ఇది కపిలకే దగ్గర. ఆ మాటలో కొంత ఉంది. ఆరు వందల అడుగుల కింద నీళ్లకు రాత్రి ఒక్కటే చాలదన్నది కూడా ఉంది. చేనంతా డ్రిప్పు వేసి, వరి మానేసి, మల్బరీకి మారబట్టి మా చిన్నాయన బోరు నిలబడింది. పలకలు పెట్టినందుకు నిలబడలేదు. పక్క చేలో పలకలూ ఉన్నాయి, వరీ ఉంది, నిరుడు ఇంకో బోరు కూడా పడింది.

చిన్నమ్మ పుట్టినిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. గుంత మగ్గానికి కావాల్సింది కిటికీలోంచి పడే వెలుతురే. కరెంటు పోతే వాకిలి తెరుచుకుని నేసుకునేవాళ్లు. మరమగ్గాలు వచ్చాక కరెంటు పోతే వీధి వీధంతా ఆగిపోతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఆమెకు వెలుతురును బట్టి పనిని మలుచుకోవడం చేతనైన విద్య. పలకల కరెంటు మధ్యాహ్నమే ఎక్కువని తెలియగానే గ్రైండరు, వాషింగ్ మెషీను, తొట్టి నింపడం అన్నీ పదకొండుకూ రెండుకూ నడుమకు మార్చేసింది. దాంతో ఆ ఇంట్లో తరతరాల మధ్యాహ్నం కునుకు పోయింది. "ముందు రాత్రి నిద్ర మీ చిన్నాయనకు లేదు, ఇప్పుడు పగటి నిద్ర నాకు లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెబుతూనే పిండి రుబ్బుతుంది.

ఇప్పుడు నడుస్తున్న తగువు పాత బావి మీద. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరి, అక్కణ్నుంచి చుట్టుపక్కల చెరువులు కొన్ని తడిశాక, ఏళ్లుగా ఎండిపోయి కంపచెట్లు మొలిచిన ఆ బావిలో రెండు మెట్లు మునిగేంత నీళ్లు కనబడుతున్నాయి. దాని మీద చిన్న సోలార్ మోటరు పెట్టి పూలతోట వేద్దామని తమ్ముడు. బావికి మూతలా పలకలు పరిస్తే నీళ్లు ఆవిరి కావు, జాగా కలిసొస్తుంది అని లెక్కలు కాగితం మీద వేసి తెచ్చాడు. చిన్నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బావి ఊట ఎంతో తెలియకుండా మోటరేందిరా, ముందు పూడిక తీపిచ్చి, రెండు ఎండాకాలాలు చూద్దాం అంటాడు. కాంట్రాక్టరుకు ఇచ్చిన అడ్వాన్సు సంగతి ఏమిటని తమ్ముడు. ఎవరిమ్మన్నారు అని ఆయన. పూడిక తీసే మనుషుల కోసం సోమందేపల్లి సంతలో ఆదివారం అడిగొచ్చారు. రోజు కూలి వెయ్యి, పైన భోజనం అన్నారట.